బాపట్ల మనిషి బంగ్లాదేశ్ గుంటల్లో ఏం చేశాడు? మన పంటకుంటలో అది కుదురుతుందా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: "ప్రపంచ ఆకలిని అంతం చేస్తున్న నాయకులంటూ ఏటా ఎవరెవరికో బహుమతులిస్తుంటారు. 2005లో మన బాపట్ల ఆయనకి కూడా వచ్చిందట, చేపల మీద. చేపల చెరువులంటే కైకలూరు వైపు ఆసాములవి కదా, పేదోడి ఆకలికీ వాటికీ సంబంధమేంటి? మాది దేవరకొండ వైపు. పొలంలో ఉపాధి హామీ కింద తవ్విన పది సెంట్ల కుంట ఉంది, నాలుగైదు నెలలు నీళ్ళుంటాయి. ఆయన చేసింది మా కుంటలో కుదురుతుందా?"

కుదురుతుందండీ. చాలావరకు కుదురుతుంది. కాకపోతే దాన్ని డబ్బు సంపాదించే పనిగా చూస్తే మొదటి ఏడాదే విసుగొచ్చి వదిలేస్తారు. వారానికి రెండు కిలోల చేప మీ వంటింట్లోకి వచ్చే ఏర్పాటుగా చూస్తే నిలబడుతుంది. ఆయన, అంటే మోదడుగు విజయ్ గుప్తా గారు, బంగ్లాదేశ్‌లో చేసింది కూడా సరిగ్గా అదే. ఆయనకొచ్చిన ప్రపంచ ఆహార బహుమతి కొత్త చేపను కనిపెట్టినందుకు ఇచ్చింది కాదు. ఎందుకూ పనికిరాదని అందరూ వదిలేసిన గుంటలో, ఇంట్లో పడున్న తౌడుతో, ఆ ఇంటి ఆడమనిషే చేపలు పెంచుకోవచ్చని లక్షల ఇళ్ళలో చేసి చూపించినందుకు.

చేపల పెంపకంలో రైతులకు సలహాలిచ్చే ఉద్యోగం ముప్ఫై ఏళ్ళు చేశాను. కాకినాడలో శిక్షణ, తర్వాత ఎక్కువకాలం పాలమూరు, నల్గొండ చెరువుల మీదే. కాబట్టి మీ కుంట ఎలా ఉంటుందో చూడకుండానే కొంత ఊహించగలను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మనిషి గురించి. మోదడుగు విజయ్ గుప్తా గారు 1939లో బాపట్లలో పుట్టారు. 1960లలో కలకత్తా దగ్గర బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థలో చేరారు. మన చేపల పెంపకానికి అసలు మలుపు అప్పటికి కొద్దికాలం ముందే వచ్చింది. 1957 జూలైలో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి, చెరువు నీళ్ళలో గుడ్లు పెట్టని బొచ్చె, రోహు లాంటి మన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. అంతకుముందు పిల్ల కావాలంటే వరదలప్పుడు నదిలో వలకట్టి పట్టుకోవాల్సిందే. ఏ చేప పిల్ల ఏదో కూడా తెలిసేది కాదు. ఇవాళ మనం "సీడు తెచ్చాం" (సీడంటే చేప పిల్లలే) అని తేలిగ్గా అంటున్నామంటే అది ఆయన పుణ్యం. జూలై 10ని మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకునేది అందుకే.

సీడు చేతికొచ్చాక మిశ్రమ పెంపకం వచ్చింది. పైనీళ్ళలో తినే బొచ్చె, మధ్యలో తిరిగే రోహు, అడుగు వెతుక్కునే మ్రిగాల, వీటికి తోడు వెండిచేప, గడ్డిచేప, బంగారు తీగ. ఒకే చెరువులో ఆరు రకాలు, దేని తిండి దానిది. గుప్తా గారు బెంగాల్ పల్లెల్లో రైతుల చెరువుల్లోనే దీన్ని చేయించారు. తర్వాత లావోస్‌లో పనిచేసి, 1986లో బంగ్లాదేశ్ వెళ్ళారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. బంగ్లాదేశ్‌లో చాలాభాగం వరద నేల. ఇల్లు కట్టాలంటే ముందు మట్టి తవ్వి దిబ్బ పోసుకోవాలి. ఆ తవ్విన చోట గుంట మిగులుతుంది. రోడ్డు వేసినా అంతే, కట్టకి రెండు పక్కలా గుంటలు. అలా ప్రతి ఇంటి వెనకా, ప్రతి రోడ్డు పక్కనా లక్షల గుంటలు. వానాకాలంలో నిండుతాయి, చలికాలం చివరికి ఎండిపోతాయి. గుర్రపుడెక్క పెరిగి, దోమలు ముసిరి, గిన్నెలు కడుక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరావని అనుకునేవాళ్ళు. పుస్తకం ప్రకారం చేపల చెరువంటే ఏడాది పొడవునా నీళ్ళుండాలి, మీటరున్నర లోతుండాలి, అరెకరమైనా ఉండాలి. ఈ గుంటలకి అవేవీ లేవు. బొచ్చె, రోహు వేస్తే కిలో బరువుకి రావడానికి ఏడాది పడుతుంది, అప్పటికి గుంటలో నీళ్ళుండవు.

గుప్తా గారి బృందం లెక్కని తిరగేసింది. చేపకి సరిపడే చెరువు వెతకడం మాని గుంటకి సరిపడే చేపని వెతికారు. మూడు నాలుగు నెలల్లో నూరు, నూటయాభై గ్రాములకొచ్చేది, తౌడూ ఆకూ అలమూ తినేది, మురికి నీళ్ళని తట్టుకునేది. అక్కడ థాయ్ సరపుటి అంటారు, అది ఒకటి. రెండోది తిలాపియా, మన జిలేబి చేపే. నూటయాభై గ్రాముల చేపని బజారులో ఎవరు కొంటారని మా బోటి వాళ్ళం నవ్వుతాం. అక్కడ అసలు సంగతి బజారు కాదు, పళ్ళెం. నూటయాభై గ్రాముల చేప ఒక పూట కూరకి చక్కగా సరిపోతుంది.

రెండో పని ఆడవాళ్ళని కలుపుకోవడం. పల్లెల్లో ఆడవాళ్ళు పొలానికీ బజారుకీ పోయే రోజులు కావవి. గుంట మాత్రం వంటింటి వెనకే ఉంది. బ్రాక్ లాంటి స్వచ్ఛంద సంస్థలు అప్పటికే ఆడవాళ్ళ సంఘాలు కట్టి చిన్న చిన్న అప్పులు ఇస్తున్నాయి. కొత్త యంత్రాంగం పెట్టుకోకుండా ఆ సంఘాల ద్వారానే సీడూ శిక్షణా పంపించారు. నా లెక్కలో ఆయన తెలివంతా ఇక్కడే ఉంది. చేప గురించి తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. చేపని ఎవరి చేతికివ్వాలో ఆలోచించినవాళ్ళు తక్కువ.

2003లో ఒక శిక్షణ బృందంతో నేనూ పదిహేను రోజులు మైమన్‌సింగ్ జిల్లా వెళ్ళాను. ఒక ఇంటి వెనక గుంట చూపించారు. ఎంతుంటుందని అడిగితే "ఆరు డెసిమల్" అన్నారు. డెసిమల్ అంటే మన సెంటే, ఎకరంలో నూరో వంతు. గుంట మీదికి వెదురు పందిరి, దాని మీద సొర తీగ. ఎండ తగ్గుతుంది, కాయ కాస్తుంది, రాలిన ఆకు చేప తింటుంది. ఓ మూల గోనె సంచిలో పేడ కట్టి నీళ్ళలో వేలాడదీసి ఉంది. ఆ ఇంటావిడ పిడికెడు తౌడు తడిపి ముద్ద చేసి విసిరింది, నీళ్ళు కుతకుతలాడాయి. కొడుకుని కేకేస్తే వాడు విసురు వల వేశాడు. పదకొండు చేపలు పడ్డాయి. నాలుగు బుట్టలో వేసుకుంది, రెండు పక్కింటికి పంపింది, మిగతావి తిరిగి నీళ్ళలో వదిలేసింది. నేను దుబాసీ ద్వారా అడిగాను, "ఆపా (అక్కా), ఏడాదికి ఎన్ని కిలోలు వస్తాయి?" అని. ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. "చుట్టం వస్తే పడతాం, పిల్లాడికి జ్వరం తగ్గితే పడతాం, డబ్బు కావాలంటే నాలుగు అమ్ముతాం. తూకం ఎందుకు వేస్తాం?" అంది. హెక్టారుకి ఇన్ని టన్నులని నోట్సు రాసుకోవడానికి తెరిచిన పుస్తకం మూసేశాను.

తిలాపియా గురించి ఒక మాట. 1988లో ఫిలిప్పీన్స్‌లో ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ నదుల నుంచి తెచ్చిన తిలాపియాలని కలిపి, తరం తరం ఎంచుకుంటూ త్వరగా పెరిగే రకాన్ని తయారుచేశారు. దాన్నే జిఫ్ట్ అంటారు. ఆ పని చేసిన అంతర్జాతీయ చేపల పరిశోధన సంస్థే ఇవాళ్టి వరల్డ్‌ఫిష్, గుప్తా గారు తర్వాత దానిలోనే పెద్ద హోదాలో ఉన్నారు. మన విజయవాడ దగ్గర మణికొండలో ప్రభుత్వ కేంద్రంలో ఈ జిఫ్ట్ సంతతి ఉంది. 2005 ప్రపంచ ఆహార బహుమతి, 2015లో కొరియా వాళ్ళ సున్హాక్ శాంతి బహుమతి, 2023లో పద్మశ్రీ ఆయనకొచ్చిన గౌరవాలు. బాపట్ల అంటే మనకి సాంబమసూరి గుర్తొస్తుంది, ఈయన గుర్తుకురారు. మన పత్రికల్లో ఆయన గురించి రాసింది కూడా తక్కువే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. కథలో రెండో సగానికి అదే దారి.

1991 వేసవి. పాలమూరులో ఒక ఊరి చెరువు ఎండి మూడెకరాల మడుగుగా మిగిలింది. వానాకాలంలో కార్ప్ సీడు వదలాలంటే ముందు ఆ నీళ్ళలో ఉన్న చేపల్ని ఖాళీ చేయాలి. కొర్రమట్టలు సీడుని తినేస్తాయి, చిన్న చేపలు మేతకి పోటీకొస్తాయి. మాకు నేర్పింది అది, అప్పుడు అందరూ చేసేది అదే. ఎకరానికి టన్ను ఇప్పపిండి, అంటే ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క. అరవై బస్తాలు నానబెట్టి చల్లించాను. ఇప్పపిండిలోని సపోనిన్ అనే పదార్థం చేప నెత్తుటి కణాల్ని పగలగొడుతుంది. రెండు మూడు గంటల్లో చేపలు తేలడం మొదలైంది. కొర్రమట్టలు పదో పన్నెండో ఉంటాయేమో, మిగిలిందంతా పరకలే. కోస్తాలో పరిగెలంటారు, మా వైపు పరక పిల్లలంటాం. వెండి రేకుల్లా ఒడ్డు పొడవునా తేలాయి. ఇప్పపిండితో చచ్చిన చేప తినొచ్చు, విషం కాదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా దిగి కొంగుల్లో, తట్టల్లో ఎత్తుకుపోయారు. ఒక ముసలావిడ నా దగ్గరికొచ్చి తట్ట చూపించింది. "గివన్నీ సంపితిరి గద సారూ, రేపు పెద్ద శాపలైతే అవి పట్నం పోతయి. మరి మాకేం మిగులుతది?" అంది.

సంఘానికి ఆదాయం వస్తుందనో ఏదో చెప్పాను. ఆ ఏడాది దిగుబడి బాగానే వచ్చింది. లారీ ఎక్కింది. ఆవిడన్నట్టే పట్నం పోయింది.

మా పుస్తకాల్లో ఆ పరకల పేరు "కలుపు చేపలు". చేలో కలుపు తీసినట్టే తీసేయాలి. ఈ మాట ఎంత తప్పో నాకు పదేళ్ళ తర్వాత ఇంకొకరి పని చదివితే తెలిసింది. శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ అని, మన దేశం నుంచి కరీబియన్ దీవులకి చెరకు తోటల కూలీకి వెళ్ళినవాళ్ళ సంతతి. ట్రినిడాడ్‌లో పుట్టి, డెన్మార్క్‌లో పోషకాహారం చదువుకుని, 1980లలో ఢాకా వచ్చి పౌష్టికాహార లోపంతో చిక్కిపోయిన పిల్లల మధ్య పనిచేశారు. అక్కడి తల్లులు మోలా అనే వేలెడంత చేప పిల్లల కళ్ళకి మంచిదని చెప్పుకునేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. ఈవిడ ఆ చేపని ప్రయోగశాలకి పంపించారు.

వచ్చిన లెక్క చూడండి. వంద గ్రాముల మోలాలో విటమిన్ ఎ సుమారు 2,500 మైక్రోగ్రాములు. మనం పెంచే వెండిచేప కండలో వంద కూడా ఉండదు. పైగా అది ఉండేది ఎక్కువగా కళ్ళలోనూ పొట్టలోనూ. మనం పెద్ద చేపని కోసేటప్పుడు మొదట పారేసేది పొట్ట. చిన్న చేపని తలతో, ముల్లుతో నమిలి మింగేస్తాం కాబట్టి కాల్షియం, ఐరన్, జింక్ కూడా లోపలికి పోతాయి. పెద్ద చేప ముళ్ళు పళ్ళెం అంచున మిగిలిపోతాయి. రేచీకటికి మందు ఊరి గుంటలోనే ఈదుతుంటే మేము దాని మీద ఇప్పపిండి చల్లాం.

ఇంకో సంగతి, వంట చేసే ఆడవాళ్ళని అడిగితే వెంటనే చెబుతారు. పెద్ద చేప తెస్తే నడిమి ముక్క ఇంటాయనకి, తర్వాత మగపిల్లలకి, తోక ముక్క, పులుసు ఆఖరున కోడలికి. పరకల కూర గరిటతో వడ్డిస్తారు. అందులో మంచి ముక్క, చెడ్డ ముక్క అని ఉండదు. అందరికీ అంతో ఇంతో పడుతుంది. బాలింతకీ పడుతుంది, రెండేళ్ళ పిల్లకీ పడుతుంది.

థిల్‌స్టెడ్ గారు కార్ప్‌లని తీసేయమనలేదు. అదే చెరువులో మోలాని కూడా ఉండనివ్వమన్నారు. మోలా గుంటలోనే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది, మళ్ళీ సీడు కొనక్కర్లేదు. వారం వారం కొంత పట్టుకుతినాలి, లేకపోతే కిక్కిరిసిపోతాయి. పెద్దవి అమ్ముకోవడానికి, చిన్నవి తినడానికి. కార్ప్ దిగుబడి చెప్పుకోదగ్గంత తగ్గలేదు కూడా. 2021లో ప్రపంచ ఆహార బహుమతి ఆవిడకి వచ్చింది. ఆసియా మూలాలున్న స్త్రీకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

ఇక ఈ ఇద్దరి పనీ కలిసే చోటుకి వద్దాం. 1991 నుంచి 2010 వరకు బంగ్లాదేశ్‌లో మనిషి తినే చేప సుమారు 30 శాతం పెరిగింది. అదే కాలంలో చేపల ద్వారా ఒంటికి అందే ఐరన్, కాల్షియం తగ్గాయి. ఇది అచ్చయిన పరిశోధన, 2017లో వచ్చింది. కారణం తెలిసిందే. వరద కట్టలు కట్టారు, పొలాల్లో మందులు కొట్టారు, వాగుల్లో చిన్న చేప తగ్గింది. ఆ ఖాళీని పెంచిన చేప నింపింది. కడుపు నిండింది, ఒంట్లో సారం తగ్గింది. గుప్తా గారు వేసిన పునాది మీద పెద్ద వ్యాపారులు పంగాస్ అనే చేప చెరువులు లేపారు, దేశం చేపల పెంపకంలో ప్రపంచంలో మొదటి వరసలోకొచ్చింది, ధర తగ్గి పేదలు కూడా కొన్నారు. అది మంచే. కానీ గుంట కూడా లేనివాడు, కూలి మీద బతికేవాడు ఇంకా కొనుక్కునే తినాలి. బహుమతుల ప్రసంగాల్లో ఈ ముక్క వినపడదు. ఇది చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు.

మన సంగతి ఇంకా విడ్డూరం. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రది ఒకటో స్థానం, తినడంలో మాత్రం చాలా రాష్ట్రాల వెనక. కైకలూరు, భీమవరం చేప ఐసు పెట్టెల్లో అస్సాం, బెంగాల్ పోతుంది. అది ఆదాయమే, కాదనను. నాకు తెలిసిన చెరువు కూలీలు రోజంతా బొచ్చె పట్టి, సాయంత్రం ఇంటికి పచ్చడి మెతుకులు తినడానికి వెళ్ళేవాళ్ళు. మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి యాభై మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, 2019–21 నాటి లెక్క అది. మీరు అడిగిన "ఆకలికీ చేపకీ సంబంధం" ఇదే. అన్నం లేని ఆకలి మన దగ్గర చాలావరకు రేషను బియ్యంతో తగ్గింది. అన్నంలో కలుపుకోవడానికేమీ లేని ఆకలి తగ్గలేదు.

మరి గుప్తా గారి పద్ధతి సొంత రాష్ట్రంలో ఎందుకు పాకలేదని అడుగుతారు. నాకు కనబడ్డవి చెబుతాను. మన చెరువు ఊరుమ్మడి, దాని మీద హక్కు మత్స్యకార సంఘానిది, పోనీ వేలం పాడినవాడిది. ఇంటి వెనక గుంట మనకి లేదు. పంటకుంట ఉంది కానీ అది పొలంలో, ఇంటికి కిలోమీటరు దూరంలో. రాత్రి ఎవరు వల వేసుకుపోతారో తెలియదు. ఆడవాళ్ళు రోజూ వెళ్ళి మేత వేయడం కష్టం. ఇంకోటి, మన వానలు. జూలైలో కుంట నిండితే సీడు చేతికి సెప్టెంబరు, అక్టోబరులో వస్తుంది. సంక్రాంతికి నీళ్ళు అడుగంటుతాయి. నా సర్వీసులో ఇది చూసినన్నిసార్లు ఇంకేదీ చూడలేదు. అందుకే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చేప పిల్లల కోసం కూర్చోకండి. జూన్‌లోనే నర్సరీతో మాట్లాడి పెట్టుకోండి.

మీ కుంట సంగతి. పది సెంట్లన్నారు. దేవరకొండ వైపంటే చల్క నేల (ఎర్ర ఇసుక నేల) అయ్యుంటుంది, నీళ్ళు ఇంకిపోతాయి. ప్లాస్టిక్ షీటు పరిస్తే నీళ్ళు నిలుస్తాయి కానీ అడుగు మట్టి లేక చేపకి సహజమైన మేత పుట్టదు. షీటు మీద అర అడుగు మట్టి వేయించుకుంటే మేలు. లేదంటే రెండు వానలకి ఒండ్రు పట్టాక ఇంకుడు దానంతటదే తగ్గుతుంది, ఒక ఏడాది ఓపిక పట్టండి.

నీళ్ళు నిలిచిన వారానికి సెంటుకి కిలో సున్నం చల్లండి. ఇంకో వారానికి సెంటుకి ఏడెనిమిది కిలోల పచ్చిపేడ, ఒకేచోట కుమ్మరించకుండా మూలల్లో. పది పన్నెండు రోజుల్లో నీళ్ళు లేత పచ్చగా తిరుగుతాయి. చెయ్యి మోచేతి దాకా ముంచి చూడండి. అరచెయ్యి మసగ్గా కనబడితే సరిగ్గా ఉన్నట్టు. స్పష్టంగా కనబడితే ఇంకాస్త పేడ కావాలి. అసలు కనబడకపోతే పేడా మేతా రెండూ ఆపేయండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే గాలి చాలక, అప్పుడు కూడా అంతే. బకెట్టుతో నీళ్ళు ఎత్తి పోయించండి.

పిల్లల విషయంలో సంఖ్య కోసం చూడొద్దు, సైజు కోసం చూడండి. అంగుళం పిల్లలు రెండు వేలు వేసి నాలుగు నెలల తర్వాత ఏమీ లేదని ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశాను. కొనేది యాభై గ్రాముల పిల్లలైతే ఐదు నెలల్లో తినే సైజుకొస్తాయి. బంగారు తీగ ఎక్కువగా, రోహు కొద్దిగా. సెంటుకి ఇరవై దాటొద్దు, అంటే మీకు రెండొందలు. అందులో నూట నలభై బతికి, తలా మూడొందల గ్రాములొస్తే నలభై కిలోల పైమాట. ఐదు నెలల్లో ఇరవై వారాలు. మొదట చెప్పిన వారానికి రెండు కిలోల లెక్క ఆ ఇరవై వారాల మీద సగటు. మూడో నెల నుంచి పట్టుకుతినడం మొదలుపెట్టండి. మేతకి తౌడు, వేరుశెనగ చెక్క సగం సగం, ముందురోజు నానబెట్టి, ఒకే చోట, ఒకే వేళకి. అరగంటలో తినేసేంతే.

పరకలు మీకు ఎవరూ అమ్మరు. వాన పడగానే చెరువు అలుగు కింద, వాగులో దొరుకుతాయి. తెల్లవారుజామునే, చల్లగా ఉండగా, చేత్తో తాకకుండా నీళ్ళతో సహా ముంచి క్యానులో తేవాలి. చేత్తో పట్టుకుంటే పొలుసు రాలి సగం దారిలో చస్తాయి. మొదటిసారి నాకు నూటికి డెబ్భై పోయాయి. ఓ వందా నూటయాభై బతికితే చాలు, రెండు నెలల్లో మీకు లెక్క అందదు. కుంట ఏటా ఎండిపోతుంది కాబట్టి ఏటా తెచ్చుకోవాలి. మోలాకి చెప్పిన విటమిన్ లెక్క ప్రతి చిన్న చేపకీ అంతే ఉండదు, రకాన్ని బట్టి మారుతుంది. కాల్షియం మాత్రం ముల్లుతో తినే ఏ చేపలోనైనా దొరుకుతుంది. ఎండబెట్టి దాచుకుంటే ఎండకి విటమిన్ ఎ పోతుంది, మిగతావి ఉంటాయి. పొడి కొట్టి పిల్లల అన్నంలో కలపొచ్చు. ఒడిశాలో ఎండుచేప పొడిని అంగన్‌వాడీ పిల్లలకి పెట్టి చూశారు కూడా.

కొన్ని హెచ్చరికలు. మీ చుట్టూ పత్తి ఉంటే ఇదంతా ఒక్క వానకి పోవచ్చు. పత్తికి కొట్టిన మందు కొట్టుకొచ్చి కుంటలో పడితే తెల్లారేసరికి చేపలన్నీ తేలతాయి. కుంట పై వాలున పత్తి చేను ఉంటే చుట్టూ చిన్న కట్ట వేసి, నీళ్ళు వేరే దారిన రప్పించండి. కుదరకపోతే చేపలు మానుకోండి, నిర్మొహమాటంగా చెబుతున్నాను. నీళ్ళు దిగే చోట జాలీ కట్టండి, కొర్రమట్ట పిల్ల రాకుండా. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తక్కువ ధరకి వస్తుందని ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు, అది నిషేధం. వరదకి వాగులో పడితే పరకల్ని, కప్పల్ని, అన్నిటినీ ఊడ్చేస్తుంది. తిలాపియాకి అనుమతి కావాలి. మన దేశానికి 1952లో మొదటిసారి తెచ్చినప్పుడు చెరువుల్ని ముంచెత్తి, 1959లో నిషేధించాల్సి వచ్చిన చేప అది. బంగ్లాదేశ్‌లో పనికొచ్చింది కదా అని ఇక్కడ వాగు పక్క కుంటలో వేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, కుంట చుట్టూ కంచె వేయండి, లోపలికి ఒక తాడు కట్టి ఉంచండి. పంటకుంటల్లో పిల్లలు జారిపడి పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం.

మిగతా "ఆకలి నాయకుల" మాట కూడా ఎత్తారు కాబట్టి రెండు ముక్కలు. ప్రపంచ ఆహార బహుమతిని పెట్టించింది హరిత విప్లవ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్, 1987లో మొట్టమొదట అందుకున్నది మన స్వామినాథన్ గారు. తిండి పండించడం తెలిసినవాళ్ళకి అక్కడ పెద్దపీట. 2011లో మాత్రం ఇద్దరు మాజీ దేశాధ్యక్షులకి ఇచ్చారు, ఘనా కుఫూర్‌కీ, బ్రెజిల్ లూలాకీ. లూలా కొత్త వంగడమేమీ తేలేదు. పేద ఇంటి తల్లి చేతికి డబ్బులిచ్చాడు, బడి భోజనానికి చిన్న రైతు దగ్గర కొనిపించాడు. 2014లో బ్రెజిల్ ఐక్యరాజ్యసమితి ఆకలి పటం నుంచి బయటపడింది, ఆ కార్యక్రమాలు నీరుగారాక మళ్ళీ ఎక్కింది, 2025లో మళ్ళీ దిగింది. పదేళ్ళలో అక్కడ నేలా మారలేదు, వానా మారలేదు. 2024లో ప్రపంచం మొత్తం మీద 67 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారని ఐరాస లెక్క. మంచి తిండి కొనుక్కోలేనివాళ్ళు 260 కోట్లు. ఈ రెండో అంకె మీద పనిచేసేవాళ్ళని నేను ఎక్కువ గౌరవిస్తాను, బహుశా నా తట్ట ముసలమ్మ వల్ల.

ఇంతకీ మీ కుంట లోతెంత, అడుగున మట్టి ఎర్రదా నల్లదా, పై వాలున ఎవరి చేను, ఏం పంట, ఇవి రాయండి. ఇంటికెంత దూరమో కూడా. దాన్ని బట్టి బంగారు తీగ ఎన్ని, రోహు ఎన్ని అనేది సరిగ్గా చెబుతాను. నల్లరేగడి అయితే సున్నం లెక్క మారుతుంది.